పాముల దారి నుంచి మొకాసిన్ స్ప్రింగ్స్ దాకా

దక్షిణ ఇలినాయ్‌లో ఒక రోడ్డును ఏటా రెండుసార్లు పాముల కోసం మూసేస్తారు. షానీ నేషనల్ ఫారెస్ట్‌లో, వుల్ఫ్ లేక్ అనే చిన్న ఊరి దగ్గర రెండున్నర మైళ్ల కంకర రోడ్డు అది. అసలు పేరు లారూ రోడ్డు, జనం పిలిచేది స్నేక్ రోడ్ అని. మార్చి 15 నుంచి మే 15 దాకా, మళ్లీ సెప్టెంబర్ 1 నుంచి అక్టోబర్ 30 దాకా గేట్లు వేస్తారు. కార్లు పోకూడదు, నడిచి వెళ్లొచ్చు. 1972 నుంచీ ఇదే పద్ధతి.

ఎందుకో అక్కడ నిలబడి చూస్తే ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. ఒక పక్క నిటారుగా సున్నపురాయి కొండ, ఇంకో పక్క నాచు పట్టిన చిత్తడి. ఎండాకాలమంతా పాములు చిత్తడిలో కప్పలూ చేపలూ తిని బతుకుతాయి. చలి మొదలవగానే కొండ చీలికల్లో దూరి పడుకుంటాయి. మధ్యలో ఈ రోడ్డు దాటాలి. గేట్లు లేని రోజుల్లో చక్రాల కింద పడి చచ్చేవి.

సెయింట్ లూయిస్‌లో ఉండే మా తమ్ముడు, నేను అక్టోబర్‌లో వెళ్లినప్పుడు తీసుకెళ్లాడు. రెండు గంటల డ్రైవ్. మాది దివిసీమ. వానలు పడితే పాముకాటు వార్తలు వినే ప్రాంతం. నాగుల చవితికి పుట్టలో పాలు పోసిన చేతులే, పొలం గట్టు మీద పాము కనబడితే కర్ర అందుకోవడం చూస్తూ పెరిగాను. అందుకే పామును చంపకుండా, దానికి దారి వదిలే చోటు ఎలా ఉంటుందో చూడాలని నాకు చాలా కోరిక.

గేటు దాటి కొంచెం దూరం నడిచామో లేదో, "అక్కా, అక్కడే ఆగు" అన్నాడు తమ్ముడు.

రోడ్డు అంచున ఎండుటాకుల మీద ఉంది. మూడడుగుల లోపే, కానీ పొడవుకి మించిన లావు. మట్టి నలుపు రంగు. తల వెడల్పుగా, మెడ సన్నగా. మేం నాలుగైదు గజాల దూరంలోనే ఆగిపోయాం. అది పారిపోలేదు, మా వైపు రానూ లేదు. ఒళ్లు చుట్టుకుని, తల వెనక్కి వాల్చి నోరు తెరిచింది. లోపల తెల్లగా, పగిలిన పత్తికాయలా ఉంది. కాటన్‌మౌత్ అన్న పేరు అందుకే వచ్చింది. వాటర్ మొకాసిన్ అన్నా ఇదే. తోక కొస ఆకుల్లో గలగలా కొట్టుకుంటోంది. బైనాక్యులర్‌లో చూస్తే కంటికీ ముక్కుకీ మధ్య చిన్న గుంట స్పష్టంగా కనిపించింది. వేడి నెత్తురున్న జంతువు దగ్గరకొస్తే చీకట్లో కూడా ఆ గుంటతోనే కనిపెడుతుంది.

ఆ నోరు తెరవడం దాడి కాదు. నేనిక్కడున్నాను, చుట్టూ తిరిగి వెళ్లండి అని చెప్పడం. దీనికి అమెరికాలో చాలా చెడ్డపేరు. మనుషుల్ని వెంటపడి తరుముతుందని తాతల నాటి నుంచి కథలున్నాయి. విట్ గిబ్బన్స్, మైకేల్ డోర్కాస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అడవిలోనే ఈ పాముల్ని పరీక్షించి 2002లో ఫలితాలు ప్రచురించారు. మనిషి చేతిలా చేసిన పట్టుకారుతో 36 పాముల్ని పట్టుకుంటే కరిచినవి 13. మీద చెయ్యి పడ్డా మూడింట రెండొంతులు కరవలేదన్నమాట. అలాగని విషం తక్కువదేం కాదు. కాటు పడిన చోట కండ కుళ్లిపోతుంది, నెత్తురు పాడవుతుంది. మన రక్తపింజరను ఎరిగినవాళ్లకు ఆ బాధ ఎలాంటిదో తెలుసు. చికిత్స దొరుకుతుంది కాబట్టి చావులు అక్కడ చాలా అరుదు.

కాసేపటికి నోరు మూసుకుని, తాపీగా రోడ్డు దాటి కొండ వైపు వెళ్లిపోయింది. ఇంకొంచెం ముందు ఒక పిల్ల పాము కనబడింది. ఒంటి నిండా గోధుమరంగు పట్టీలు, తోక కొస మాత్రం గంధకం పసుపు. ఆ కొసను పురుగులా ఆడించి కప్పల్ని దగ్గరికి రప్పించుకుంటుంది. చంటిపిల్లను భుజాన వేసుకున్న ఒకాయన, కాలేజీ పిల్లలు, ముసలి దంపతులు, అందరూ గొంతు తగ్గించి మాట్లాడుకుంటూ నడుస్తున్నారు. ఎవరి చేతిలోనూ కర్ర లేదు. నాకు అదే ఎక్కువ నచ్చింది.

రాత్రి మిసిసిపీ నది దాటి మిస్సోరి రాష్ట్రం వైపు కేప్ జిరార్డోలో ఉన్నాం. పొద్దున అక్కడి సంతలో ఒకావిడ మొకాసిన్ చెప్పులు కుడుతోంది. అమెరికా మూలవాసుల్లో చెరోకీ అనే జాతి ఆవిడ, ఓక్లహోమా నుంచి వచ్చిందట. జింక తోలును వెంట్రుకలు గీకేసి, ఆ జంతువు మెదడునే నీళ్లలో కలిపి పట్టిస్తారట. ఆరేదాకా సాగదీస్తూనే ఉండాలి. ఆఖర్న పుచ్చుకర్ర పొగ పట్టిస్తారు. పొగ పట్టని తోలు తడిసి ఆరితే బిర్రబిగుసుకుపోతుంది, పట్టినది మళ్లీ మెత్తబడుతుంది. చెప్పు మొత్తం ఒకే ముక్క. ముందు వైపు తోలును కుచ్చిళ్లుగా దగ్గరికి లాగి, ఆరెతో బెజ్జాలు చేసి, జింక నరంతో కుడుతోంది. నా చేతిని లోపల పెట్టమంది. అడుగున బల్ల మీదున్న ఇసుక రవ్వ కూడా వేలికి తెలిసింది. అలాంటి అడుగు వేసుకుని నడిచేవాళ్లకు నేల ఎక్కడ గట్టిదో, ఎక్కడ జారుతుందో కాలే చెబుతుంది.

తోలు మెత్తన కాబట్టి తొందరగా అరిగిపోతుంది కూడా. అమెరికా పడమటి ప్రాంతాల్ని అన్వేషించడానికి వెళ్లిన లూయిస్, క్లార్క్ బృందం 1805-06 చలికాలంలో పసిఫిక్ ఒడ్డున ఆగినప్పుడు, తిరుగు ప్రయాణానికి 338 జతలు కుట్టుకున్నారని వాళ్లలో ఒకడైన పాట్రిక్ గాస్ రాసిపెట్టాడు. ముప్ఫై మందికి కాస్త పైగా ఉన్న బృందం. మనిషికి పది జతలు!

ఆ లెక్క మనసులో ఉండగానే ట్రైల్ ఆఫ్ టియర్స్, అంటే కన్నీళ్ల దారి, స్టేట్ పార్కుకు వెళ్లాం. పార్కు ఉన్న రోడ్డు పేరు మొకాసిన్ స్ప్రింగ్స్. మూలవాసుల్ని మిసిసిపీకి పడమరగా పంపేయడానికి 1830లో చేసిన చట్టం, 1835లో కొద్దిమంది చేత సంతకాలు పెట్టించుకున్న ఒప్పందం చూపించి, 1838లో సైన్యం చెరోకీలను ఇళ్లలోంచి లాగేసింది. దాదాపు 16,000 మంది. దారిలోనూ శిబిరాల్లోనూ నాలుగు వేల మంది దాకా పోయారని అంచనా. నేలదారిన వచ్చిన 13 గుంపుల్లో తొమ్మిది ఇక్కడే పడవల మీద మిసిసిపీ దాటాయి. అంతకుముందు అవతలి ఒడ్డున, మేం పాముల్ని చూసిన ఆ కౌంటీలోనే, నదిలో మంచుగడ్డలు కొట్టుకొస్తుంటే దాటలేక వారాల తరబడి చలిలో పడున్నారు. కెంటకీలో వాళ్లకు ఎదురుపడిన ఒక ప్రయాణికుడు, కాటికి కాళ్లు చాచిన ముసలమ్మలు కూడా వీపున మూటలతో, గడ్డకట్టిన నేల మీద వట్టి కాళ్లతో నడుస్తున్నారని రాశాడు. ఇంత మంచి చెప్పులు కుట్టడం తెలిసినవాళ్లను అలా నడిపించారు. పాముల కోసం గేటు వేసిన ఆ కొండల పక్కనే ఇది జరిగిందంటే నాకు కోపం ఆగలేదు. తమ్ముడితో అదే అన్నాను.

ఒక గుంపును నడిపించిన చెరోకీ పాస్టర్ జెస్సీ బుషీహెడ్‌కు, నది దాటాక, 1839 జనవరి 3న ఇక్కడే కూతురు పుట్టింది. ఎలైజా మిస్సోరి అని పేరు పెట్టుకున్నారు. అదే రేవులో ఆయన తోబుట్టువు నాన్సీ చనిపోయింది. ఆవిడ పేరున పార్కులో స్మారకం కట్టారు. మేం వెళ్లేసరికి ఎవరో దాని దగ్గర నాణేలు పెట్టి వెళ్లారు.

వెళ్లాలనుకునేవాళ్లు అక్టోబర్ మధ్యలో, ముందురోజు రాత్రి చలేసి పగలు ఎండ కాసే రోజు చూసుకోండి. స్నేక్ రోడ్‌లో చీలమండలు కప్పే గట్టి బూట్లు వేసుకుని, రోడ్డు నడిమధ్యలో నడవండి. రాళ్లు ఎత్తి చూడొద్దు, పాముల్ని ముట్టుకోవడం నేరం. మిస్సోరి పార్కుకు ఒక పూట కేటాయించండి. పిల్లలుంటే వాళ్లను ముందు విజిటర్ సెంటర్‌కు తీసుకెళ్లండి.