నాలుగో రోజు చీటీలు

మా ఊరి బస్టాండుకి ఎదురుగా ఒక రికార్డింగ్ షాపు ఉండేది. కొత్త సినిమా వచ్చిన ప్రతిసారీ కేసెట్టు కొనుక్కునే స్తోమత అందరికీ లేని 1990ల నాటి మాట ఇది. ఖాళీ కేసెట్టు ఒకటీ, కావలసిన పాటలు వరసగా రాసిన చీటీ ఒకటీ ఇచ్చి వెళ్తే, మర్నాటి సాయంత్రానికి ఆ పాటలన్నీ ఎక్కించి ఇచ్చేవారు. అది చట్టానికి ఒప్పే పని కాదన్న ఆలోచన ఇచ్చేవారికీ లేదు, తీసుకునేవారికీ లేదు. కొత్త కేసెట్టు షాపుకి వచ్చిన ఒక రోజు, అందులో ఏ పాట హిట్టవుతుందో ముందే తెలుస్తుందా అని షాపాయన్ని అడిగాను. మొదటి రోజు ఎవరు చెప్పినా నమ్మవద్దనీ, నాలుగో రోజుకి చేరిన చీటీలు చూస్తే మాత్రం తాను తప్పకుండా చెప్పగలననీ ఆయన అన్నారు. చిన్నపిల్లాడి ప్రశ్నను దాటవేయడానికి అన్న మాట అనుకున్నాను. ఈ విషయం మీద జరిగిన పరిశోధనలు కొన్ని చదివాక, వాటిని చేసినవారిలో చాలామంది కంటే ఆయనే జాగ్రత్తగా మాట్లాడారని ఇప్పుడు అనిపిస్తోంది.

చదవవలసి రావడానికి కారణం నా సొంత పొరపాటు. ఉద్యోగరీత్యా డేటాతో రోజూ కుస్తీ పట్టేవాణ్ణి కాబట్టి, ఒక సెలవు రోజున సరదాకి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే పాటల డేటా ఒకటి దించుకుని, పాట వేగం, నిడివి, శబ్ద తీవ్రత, హుషారు, చిందెయ్యడానికి ఎంత అనువుగా ఉంటుందన్న కొలత వంటివి, ఉదాహరణలు చూసి నేర్చుకునే ఒక కంప్యూటర్ ప్రోగ్రాముకి, అంటే నా యంత్రానికి, ఇచ్చి, హిట్టవునో కాదో చెప్పమన్నాను. నమ్మలేనంత చక్కగా చెప్పింది. ఒక పూట గాలిలో తేలాను. ఆ ఫలితాన్ని చూసిన సహోద్యోగి ఒకరు రెండే ప్రశ్నలు వేశారు: ఒకే ఆల్బమ్‌లోని పాటలు కొన్ని యంత్రానికి నేర్పిన భాగంలోనూ, కొన్ని దానికి పరీక్ష పెట్టిన భాగంలోనూ పడ్డాయా? గాయకుల అభిమానుల సంఖ్య పాట విడుదలైన నాటిదా, ఈనాటిదా? మొదటి ప్రశ్నకి జవాబు ‘పడ్డాయి’, రెండో దానికి ‘ఈనాటిదే’. అంటే పరీక్షలో వచ్చిన పాటల తోబుట్టువులను ముందే చూసి, పైగా పాట హిట్టయ్యాక పెరిగిన అభిమానుల లెక్కను కూడా చూసి, ఆ పాట హిట్టవుతుందని నా యంత్రం జోస్యం చెప్పిందన్నమాట. రెండు తప్పులూ సరిదిద్దేసరికి, దాని ప్రతిభ రూపాయి బిళ్ళ ఎగరేసి చెప్పేదానికి కాస్త పైన వచ్చి ఆగింది.

ఈ తప్పు నా ఒక్కడిదే కాదని తెలిశాక సిగ్గు కొంత తగ్గింది. 2023లో కాలిఫోర్నియాలోని క్లేర్‌మాంట్ గ్రాడ్యుయేట్ యూనివర్సిటీ పరిశోధకులు 33 మందికి 24 పాటలు వినిపించి, చేతికి కట్టిన పరికరంతో వాళ్ళ గుండె స్పందనలో వచ్చే మార్పులు కొలిచి, హిట్టు పాటలను 97 శాతం కచ్చితత్వంతో గుర్తించగలిగామని ప్రకటించారు. ఆ అంకె ప్రపంచమంతా వార్తయింది. ఇరవై నాలుగు పాటలు యంత్రానికి ఏ మూలకీ చాలవు కాబట్టి, వాటి నుంచే కృత్రిమంగా వేల సంఖ్యలో డేటాను పుట్టించి దానితో నేర్పారు. ఆ నేర్పిన సరుకులో నుంచే పరీక్ష కూడా పెట్టారని ప్రిన్స్‌టన్ యూనివర్సిటీకి చెందిన అరవింద్ నారాయణన్, సాయష్ కపూర్ ఎత్తిచూపారు. మన భాషలో చెప్పాలంటే పేపరు లీకైంది; యంత్రాలకు నేర్పే రంగంలోని వాళ్ళు కూడా ఈ తప్పుని లీకేజీ అనే పిలుస్తారు. వంద పాటల్లో రెండే హిట్టయ్యే చోట, అన్నీ ఫ్లాపేనని కళ్ళు మూసుకుని చెప్పినా 98 మార్కులు వస్తాయి గనక, శాతం అంకెను ఒంటరిగా చూసి మురిసిపోకూడదన్న సంగతి మరొకటి.

నిజాయితీగా చేసిన ప్రయత్నాల అంకెలు ఇంతకంటే చిన్నవి. ఇంగ్లండులోని బ్రిస్టల్ యూనివర్సిటీ బృందం 2011లో యాభై ఏళ్ళ బ్రిటిష్ టాప్ 40 పాటలను, అంటే అక్కడ వారం వారం వెలువడే జాబితాలోని మొదటి నలభై పాటలను, పరిశీలించి 60 శాతం దాకా సరిగ్గా చెప్పగలిగింది. అక్కడ గమనించవలసిందేమిటంటే, వాళ్ళు మొదటి అయిదు స్థానాల పాటలను ముప్ఫై నుంచి నలభై స్థానాల్లో ఆగిపోయిన పాటల నుంచి వేరు చేశారు. టాప్ 40 గడప తొక్కని వేలాది పాటలు ఆ లెక్కలోకే రాలేదు. అంతకు మూడేళ్ళ ముందు, 2008లో, ఫ్రాంస్వా పాషే, పియెర్ రువా అనే పరిశోధకులు 32,000 పాటలతో పరీక్షించి, అప్పటికి అందుబాటులో ఉన్న ధ్వని లక్షణాల నుంచి ప్రజాదరణను నేర్వడం సాధ్యం కావడం లేదని తేల్చారు. హిట్టు పాటల శాస్త్రం ఇంకా శాస్త్రం కాలేదన్నది ఆ వ్యాసానికి పెట్టిన పేరే.

వీటన్నిటి వెనుకా ఒక నమ్మకం ఉంది: హిట్టు కావడమన్నది పాటలోనే ఎక్కడో దాగి ఉంటుందనీ, తగిన పరికరం ఉంటే దాన్ని పట్టుకోవచ్చుననీ. ఆ నమ్మకాన్ని నా వరకు కదిలించింది కొలంబియా యూనివర్సిటీలో మాథ్యూ సాల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ చేసి, 2006లో సైన్స్ పత్రికలో ప్రచురించిన ప్రయోగం.

వాళ్ళు ఎవరికీ పెద్దగా తెలియని బృందాల పాటలు 48 తీసుకుని ఒక వెబ్‌సైటులో పెట్టారు. వచ్చినవారు నచ్చిన పాట వినవచ్చు, ఎంత నచ్చిందో చుక్కలతో మార్కులు వేయవచ్చు, కావాలంటే ఉచితంగా దించుకోవచ్చు. మొత్తం 14,341 మంది పాల్గొన్నారు. వారిలో కొందరికి పాటల పేర్లు, బృందాల పేర్లు మాత్రమే కనిపించాయి. మిగిలినవారిని, వాళ్ళకు తెలియకుండానే, ఎనిమిది వేరువేరు లోకాలుగా విడదీశారు. ఏ లోకంలోని వారికి ఆ లోకంలో ఒక్కో పాటను అప్పటిదాకా ఎంతమంది దించుకున్నారో పక్కనే కనిపించేది. పక్క లోకం సంగతి తెలిసేది కాదు. ఎనిమిది లోకాలూ సున్నాతోనే మొదలయ్యాయి, పాటలూ అవే, వచ్చే జనమూ ఒకే రకం. ఒకే చరిత్రను ఎనిమిదిసార్లు మొదటి నుంచి నడిపించి చూడడం నిజజీవితంలో ఎవరికీ దొరకని అవకాశం.

హిట్టు పాటలో సహజంగా ఉన్న గుణమే అయితే ఎనిమిది లోకాల్లోనూ దాదాపు ఒకే పాటలు పైకి రావాలి. అలా జరగలేదు. ఇతరుల లెక్క చూడనివారి తీర్పులో 48 పాటలకు గాను 26వ స్థానంలో, అంటే మధ్యరకంగా నిలిచిన పాట ఒకటి, ఒక లోకంలో మొదటి స్థానానికి ఎక్కింది, మరో లోకంలో 40వ స్థానానికి జారిపోయింది. దాని పేరు ‘లాక్‌డౌన్’, 2020కి దానికీ ఏ సంబంధమూ లేదు. మొదట్లో ఎవరో నలుగురు యాదృచ్ఛికంగా దాన్ని దించుకున్న చోట, ఆ నలుగురిని చూసి ఇంకో పదిమంది వినడానికి సిద్ధపడ్డారు. పాటలను దింపుకోళ్ళ సంఖ్యను బట్టి పైనుంచి కిందికి పేర్చి చూపిన రెండో విడతలో, హిట్టుకీ ఫ్లాపుకీ మధ్య దూరం ఇంకా పెరిగింది, ఏది పైకి వస్తుందో చెప్పడం ఇంకా కష్టమైంది. ఈ రెండూ ఒకేసారి జరగడం మీద నేను చాలాసేపు ఆగిపోయాను. గెలిచిన పాట ఎంత భారీగా గెలిస్తే అంతగా దాని గొప్పతనానికి రుజువని మనం అనుకుంటాం. ఆ ప్రయోగంలో మాత్రం భారీ గెలుపులు ఎక్కువయ్యేకొద్దీ వాటిలో అదృష్టం పాలు కూడా ఎక్కువైంది.

అలాగని పాటలో ఏమీ లేదని అనడానికి వీల్లేదు. విడిగా విన్నవారు బాగా మెచ్చిన పాటలు ఏ లోకంలోనూ అడుగుకి పోవడం అరుదు, వాళ్ళు పెదవి విరిచినవి పైకి రావడమూ అరుదు. మధ్యలో ఉన్నవాటికి ఏమైనా కావచ్చు. తరవాత 2008లో సాల్గానిక్, వాట్స్ ఇంకాస్త తుంటరి పని చేశారు: ఒక దశలో లెక్కలు తలకిందులు చేసి, అట్టడుగు పాట అగ్రస్థానంలో ఉన్నట్టు చూపించారు. చాలా పాటలు ఆ అబద్ధాన్నే నిజం చేశాయి. కాలం గడిచేకొద్దీ మేలైన పాటలు కొన్ని మళ్ళీ పైకి ఎగబాకాయి కానీ, మొత్తం మీద పాటలు దించుకోవడమే తగ్గిపోయింది. లిరికల్ వీడియో వచ్చిన మర్నాడే ఇరవై నాలుగు గంటల్లో ఇన్ని మిలియన్లంటూ పోస్టరు వేసే మన నిర్మాతలు ఈ ప్రయోగం సగమే చదివారేమో అనిపిస్తుంది.

పాట నచ్చడానికి నలుగురూ మెచ్చారని తెలియడం ఒక్కటే చాలదు, అలవాటు కూడా కావాలి. 2003లో అవుట్‌కాస్ట్ బృందం పాడిన ‘హే యా’ కథ అందుకు తగిన ఉదాహరణ. పాలిఫోనిక్ హెచ్‌ఎంఐ అనే బార్సిలోనా సంస్థ తయారుచేసిన సాఫ్ట్‌వేర్ అది పెద్ద హిట్టవుతుందని చెప్పింది, రేడియో వాళ్ళు కూడా అలాగే అనుకున్నారు. తీరా ప్రసారం చేస్తే శ్రోతలు పెద్ద సంఖ్యలో స్టేషన్ మార్చేశారు. అది వాళ్ళకు తెలిసిన ఏ పాటలాగానూ లేదు. అప్పుడు కొన్ని స్టేషన్లు దాన్ని జనానికి బాగా అలవాటైన రెండు పాటల మధ్య ఇరికించి పదే పదే వేశాయి. కొన్నాళ్ళకి మార్చేవాళ్ళు తగ్గారు, ఆ పాట అమెరికా హిట్టు పాటల జాబితా అయిన బిల్‌బోర్డ్ హాట్ 100లో తొమ్మిది వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. సాఫ్ట్‌వేర్ జోస్యం ఫలించినట్టా, లేక దాన్ని ఫలింపజేయడానికి రేడియో వాళ్ళు చెమటోడ్చినట్టా? నేను రెండో వైపు మొగ్గుతాను. పదే పదే ఎదురైనదాన్ని మనిషి ఇష్టపడతాడని రాబర్ట్ జాయాన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1968లో ప్రయోగాలతో చూపారు. సినిమా పాటల విషయంలో మనం అదే సంగతిని ‘స్లో పాయిజన్’ అన్న రెండు మాటల్లో చెప్పుకుంటాం.

మెదడులోకే తొంగి చూద్దామనుకున్నవారూ ఉన్నారు. అట్లాంటాలోని ఎమరీ యూనివర్సిటీలో గ్రెగరీ బర్న్స్, సారా మూర్ 27 మంది కౌమార వయస్కులకు అంతగా పేరులేని గాయకుల పాటలు 120 వినిపిస్తూ మెదడు స్కాన్ తీశారు. ఆ పాటల అమ్మకాలను కొన్నేళ్ళ పాటు గమనించాక చూస్తే, పిల్లలు నోటితో చెప్పిన ఇష్టానికీ అమ్మకాలకీ పొంతన లేదు, మెదడులో ఆనందానికి సంబంధించిన భాగం స్పందనకి మాత్రం కొంత పొంతన ఉంది. ఆ కొంత కూడా ఫ్లాపుల విషయంలోనే గట్టిది: ఏది ఆడదో చెప్పడం, ఏది ఆడుతుందో చెప్పడం కంటే సులువైంది. ఎనిమిది లోకాల ప్రయోగంతో ఇది చక్కగా కలుస్తుందని నాకు తోచింది.

మన పాటలకు వచ్చేసరికి లెక్కలో ఇంకో పెద్ద అంకె చేరుతుంది. బ్రిటన్‌లో 1985 నుంచి 2015 దాకా విడుదలైన అయిదు లక్షల పైచిలుకు పాటలను పరిశీలించిన 2018 నాటి అధ్యయనంలో, ధ్వని లక్షణాలకు తోడు గాయకుడు అప్పటికే పేరున్నవాడా కాదా అన్న ఒక్క సమాచారం కలిపితే, అంచనా కచ్చితత్వం 74 నుంచి 85 శాతానికి పెరిగింది. తెలుగులో హిట్టు పాట అంటే నూటికి తొంభైపాళ్ళు సినిమా పాటే. అది హీరో పేరుతోనూ, సంగీత దర్శకుడి గత విజయాలతోనూ, రీల్స్‌కి పనికొచ్చే ఒక స్టెప్పుతోనూ కలిసి బయటికి వస్తుంది. కాబట్టి పెద్ద హీరో పాట హిట్టవుతుందని ముందే చెప్పినవారిని చూసి నేను అబ్బురపడను. పేరులేని కుర్రాడు ఇంట్లో కూర్చుని చేసి వదిలిన పాటను మొదటి రోజే పట్టుకున్నవారు ఉంటే వారి మాట వింటాను. అప్పుడు కూడా, గురి తప్పిన అంచనాలు ఎన్ని ఉన్నాయో చూపించమని అడుగుతాను.

కేట్ బుష్ పాట ‘రన్నింగ్ అప్ దట్ హిల్’ 1985లో బ్రిటన్‌లో మూడో స్థానం దాకా వెళ్ళింది. ఒక టీవీ సీరియల్లో వాడిన పుణ్యమా అని 2022లో, 37 ఏళ్ళ తరవాత, అదే పాట మొదటి స్థానానికి చేరింది. ఏ గుండె కొలతలు, ఏ మెదడు స్కాన్లు తీసి ఉంటే 1985లో ఆ సంగతి బయటపడేదో ఊహించడం కష్టం.

షాపాయన చీటీల లెక్క మా ఊరి వరకే చెల్లుబాటయ్యేదని కూడా నాకు తరవాత తెలిసింది. ఒక వేసవి సెలవుల్లో మా పిన్ని వాళ్ళ ఊరు వెళ్తే, మా ఊళ్ళో అందరి నోళ్ళలోనూ నానుతున్న పాటను అక్కడ ఎవరూ పట్టించుకోలేదు. అదే కేసెట్టులో బి సైడు చివరి పాట మాత్రం ప్రతి కిళ్ళీకొట్టులోనూ మోగుతోంది. తిరిగొచ్చి ఆ వింత చెబితే ఆయన నవ్వి ఊరుకున్నారు. షాపు గుమ్మానికి పైన, బస్టాండు వైపుకి తిప్పి, ఆయన ఒక స్పీకర్ కట్టి ఉండేవారు. కొత్త కేసెట్టు వచ్చిన రోజు నుంచి నాలుగో రోజు దాకా, బస్సు కోసం నిలబడ్డ వాళ్ళందరికీ అందులో ఏ పాట వినిపించాలో నిర్ణయించేది ఆయనే.