ప్లీహం చేసే తనిఖీ

ల్యాబ్‌లో బ్లడ్ స్మియర్లు, అంటే గాజు పలక మీద పల్చగా పరిచిన రక్తం, మైక్రోస్కోపులో చూడటం నా ఉద్యోగం. ఎర్ర రక్తకణంలో ఒక పక్కగా ముదురు ఊదారంగు గుండ్రటి చుక్క కనిపిస్తే, ఈ మనిషికి ప్లీహం, అదే స్ప్లీన్, తీసేశారా అని ముందు ఆరా తీస్తాను. ఆ చుక్కను హోవెల్-జాలీ బాడీ అంటాం. కణం తయారయ్యేటప్పుడు ఉన్న కేంద్రకంలో మిగిలిపోయిన ముక్క అది. ప్లీహం బాగా పనిచేసేవాళ్లలో దాదాపు కనిపించదు.

ఎందుకంటే ప్లీహంలో కణాలు ఒకటి రెండు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సందుల్లోంచి దూరి బయటపడాలి. కణం వెడల్పేమో 7, 8 మైక్రాన్లు! మెత్తగా వంగేది దూరిపోతుంది. లోపల చుక్క ఉంటే ప్లీహం దాన్ని మాత్రం గిల్లేసి కణాన్ని వదిలేస్తుంది. సుమారు 120 రోజులు తిరిగి బిరుసెక్కిన కణం అక్కడే చిక్కుకుంటే మాక్రోఫేజ్‌లు, అంటే పాత కణాలను మింగే రక్షక కణాలు, మింగేస్తాయి. ఇంత సున్నితమైన తనిఖీ చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఆ కణంలోని ఇనుము మళ్లీ ఎముక మజ్జకే చేరుతుంది. ఇలా రోజుకు 20 మిల్లీగ్రాములకు పైగా తిరిగొస్తుంది, తిండి నుంచి ఒంటికి పట్టేది 1, 2 మిల్లీగ్రాములే. హీమ్, అంటే రక్తానికి ఎరుపునిచ్చే పదార్థం, అందులో ఇనుము పోగా మిగిలింది బిలిరుబిన్ అనే పసుపు రంగు పదార్థంగా మారి పైత్యరసంలో కలుస్తుంది.

కొత్త కణాల సంగతి కిడ్నీ చూసుకుంటుంది. ఆక్సిజన్ తగ్గితే ఎర్ర కణాలు తయారుచేయమని మజ్జకు చెప్పే ఎరిత్రోపోయెటిన్ అనే హార్మోన్‌ను పెంచుతుంది. కిడ్నీ దెబ్బతింటే అది చాలినంత తయారవదు. అందుకే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బులో రక్తహీనత అంత మామూలు.