చెయ్యి వేసే ముందు

ఆ ఏడాది విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమాను, చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే ఆ పొడవాటి మాను, నా ఎదుట నుంచే వెళ్లింది, నేను మాత్రం చూడలేకపోయాను. మూడు లాంతర్ల కూడలి దగ్గర ఏటా నిలబడే చోటే నిలబడ్డాను. జనం అరటిపండ్లు విసురుతున్నారు. పక్కనున్నవాళ్లు చేతులు జోడించి పైకి చూస్తున్నారు. మాను చివర కూర్చున్న పూజారి కనిపించాలంటే తల బాగా వెనక్కి వాల్చాలి. వాల్చేసరికి ఎడమ భుజం నుంచి బొటనవేలి దాకా కరెంటు తీగ తగిలినట్టు జివ్వుమంది. తల దించేసి, కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నాను. అమ్మవారు ఎదురుగా ఉండగా నేల చూస్తూ మొక్కుకున్నది నా జీవితంలో అదే మొదటిసారి.

ముందు నా పని గురించి చెప్పాలి, నొప్పి పుట్టింది అందులోనే. ఇరవై రెండేళ్లుగా విజయనగరంలో గంటస్తంభానికి దగ్గరలో డీటీపీ, అంటే అచ్చుకు పంపేవి కంప్యూటర్‌లో కొట్టి కూర్చే పని, చేస్తున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, దినకర్మ కార్డులు, పాఠశాలల ప్రశ్నపత్రాలు, అన్నీ. దసరాకు ముందు నెల రోజులు పగలూ రాత్రీ తేడా ఉండదు. ఆ సందడి ముగిసేసరికి పెళ్లి ముహూర్తాలు మొదలవుతాయి. శుభలేఖలో వారం, తిథి, ముహూర్తం ఒక్కటి తప్పు పడినా ఒక కుటుంబం మొత్తం ఇబ్బంది పడుతుంది. అందుకని రాసిచ్చిన కాగితాన్ని అక్షరం అక్షరం చూసి కొట్టడం నాకు అలవాటు. ఆ కాగితం కీబోర్డుకు ఎడమవైపు బల్లమీద పరిచి ఉంటుంది. తల ఎడమకు తిప్పి, కిందికి వంచి చదవడం, మళ్లీ ఎత్తి తెర చూడడం, మళ్లీ వంచడం. రోజుకు ఎన్ని వందల సార్లో ఎప్పుడూ లెక్కపెట్టలేదు. లెక్కపెట్టాలన్న ఆలోచన కూడా రాలేదు.

నడుము నొప్పి అంతకు ముందే ఉంది. ఒకసారి కాగితం రీములు దించుతుంటే పట్టేసింది. అమ్మ వావిలాకు వేడి చేసి కాపడం పెట్టింది. తగ్గకపోతే వీధి చివరి ఇంటి అమ్మాయిని పిలిచింది. ఆ పిల్ల ఎదురుకాళ్లతో పుట్టింది. అలా పుట్టినవాళ్లు కాలితో తాకితే నడుము పట్టు వదులుతుందని మా వైపు నమ్మకం. ఆ పిల్ల సిగ్గుపడుతూ మూడుసార్లు నా నడుము మీద పాదం ఆనించి వెళ్లిపోయింది. వారానికి నొప్పి పోయింది. అమ్మ ఆ పిల్లకు జాకెట్టు గుడ్డ పెట్టింది. అలాంటి పట్టు చాలామందికి కొన్ని వారాల్లో దానంతట అదే సర్దుకుంటుందని తర్వాత తెలిసింది. అయినా ఆ పాదాన్ని నేను తక్కువ చేయను. అది నా నడుముకు ఏ హానీ చేయలేదు.

మెడ సంగతి అలా కాలేదు.

క్షవరం అయ్యాక తల పట్టుకుని అటొకసారి ఇటొకసారి తిప్పి ‘టక్’మనిపించడం మా మంగలి షాపులో మామూలే. చిన్నప్పటి నుంచి చేయించుకున్నవాణ్ని. “అన్నయ్యా, మెడ బాగా బిగిసిపోయింది, వదిలిస్తాను ఉండు” అన్నాడు తమ్ముడిలాంటి ఆ మనిషి. ప్రేమతోనే అన్నాడు. ఆ పూటకు హాయిగానే ఉంది. మర్నాడు ఉదయం ఎడమ బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కి ఉన్నాయి. ఆ తిప్పుడు వల్లే వచ్చిందని నేను చెప్పలేను. అప్పటికే లోపల ఏదో తయారవుతోంది. కానీ ఆ రోజు నుంచే చెయ్యిలోకి నొప్పి పాకడం మొదలైంది.

ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీయించి అరుగుదల అన్నారు. మాత్రలు, మెడ పట్టీ రాశారు. మాత్రలు వేసుకుంటే రాత్రి నిద్ర పట్టేది, అది చిన్న మేలు కాదు. పట్టీ వేసుకుంటే మాత్రం వంగి కాగితం చూడలేకపోయేవాణ్ని, తీసి పక్కన పెట్టేవాణ్ని. ఇంతలోనే ఆ సిరిమాను రోజు వచ్చింది, వెళ్లింది.

మాత్రలు వేసుకోని రాత్రుల్లో నిద్ర రాక ఫోను చూస్తూ ఉండేవాణ్ని. ఒకటే రకం వీడియోలు వచ్చేవి. బల్లమీద మనిషిని పడుకోబెడతారు, తల పట్టుకుంటారు, ఒక్క విసురు, ఎండు కట్టెలు విరిగినట్టు చప్పుడు. లేచిన మనిషి కళ్లలో నీళ్లతో నవ్వుతుంటాడు. ఆ నవ్వు నాకు కావాలనిపించింది. నొప్పిలో ఉన్నవాడికి ఆ నవ్వు ఎంత పెద్ద ఆశో నొప్పి లేనివాళ్లకు అర్థం కాదు.

అలా ఒక కేంద్రానికి వెళ్లాను. అది ఎవరిదో, ఏ ఊళ్లోదో ఇక్కడ అనవసరం. గోడమీద వెన్నెముక బొమ్మ ఉంది. నన్ను నిలబెట్టి చూసి “పూస జరిగింది, పన్నెండు సిట్టింగుల్లో సరిచేస్తాం” అన్నారు. డబ్బు ముందే కట్టించుకున్నారు. చెయ్యి తిమ్మిరి గురించి నేను చెబుతుంటే తల ఊపారు, అంతే. మొదటి రోజు మెడ రెండువైపులా, నడుము రెండువైపులా మోగింది. బయటికి వచ్చి మెట్లు దిగుతుంటే ఒళ్లు దూదిలా తేలిపోయింది. ఇంటికి వచ్చి అన్నం కడుపునిండా తిన్నాను. ఈ సుఖం అబద్ధమని నేను అనను, అది నిజంగానే కలిగింది. రెండు రోజులు ఉంది. మూడో రోజుకు నొప్పి తిరిగి వచ్చింది. మళ్లీ వెళ్లాను. మళ్లీ రెండు రోజులు. అయిదో సారి మెడ తిప్పినప్పుడు కళ్లముందు చీకటి కమ్మినట్టయింది. మర్నాడు పొద్దున్న కాఫీ గ్లాసు ఎడమ చేతిలోంచి జారి పడింది. పట్టుకున్నాననే అనుకున్నాను, వేళ్లు పట్టుకోలేదు.

మా ఆవిడ కింద పడ్డ గాజుముక్కలు ఏరుతూ తల ఎత్తకుండా అంది: “ఏమండీ, కట్టిన డబ్బు పోతే పోయింది. ఇంక అక్కడికి వెళ్లకండి.” ఆమె గొంతులోని భయం నాకూ పట్టుకుంది. మిగిలిన ఏడు సిట్టింగులకూ వెళ్లలేదు.

ఇక్కడ ఆ చప్పుడు గురించి ఒక మాట. పూస తన గూట్లోకి వెళ్లి కూర్చునే శబ్దమది అని నేను నమ్మాను, నాలాగే ఎందరో నమ్ముతున్నారు. అది కాదు. కీలు మధ్య ఉండే జిగురు ద్రవంలో ఒత్తిడి ఒక్కసారిగా తగ్గినప్పుడు వాయువుతో చిన్న ఖాళీ ఏర్పడుతుంది, చప్పుడు అప్పుడే వస్తుంది. 2015లో కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయం వారు వేళ్లు విరుస్తుండగా ఎమ్మారైలో చూసి దీన్ని చెప్పారు. చప్పుడు రావడం వైద్యం జరిగిందనడానికి గుర్తు కాదు, రాకపోవడం జరగలేదనడానికీ గుర్తు కాదు. ఈ ఒక్క సంగతి ముందే తెలిసి ఉంటే ఆ వీడియోలను అంత ఆశగా చూసేవాణ్ని కాను.

విశాఖపట్నంలో ఉండే మా మేనల్లుడు ఊరుకోలేదు. “మావయ్యా, ఇక్కడ విదేశంలో చదువుకుని వచ్చిన కైరోప్రాక్టర్, అంటే చేతులతో వెన్ను సర్దే వైద్యం చేసే ఒకావిడ ఉన్నారు. ఆవిడ ముందు పరీక్ష చేస్తారు, ఆ తర్వాతే ఏదైనా. ఒక్కసారి చూపించుకో” అన్నాడు. మళ్లీ మెడ తిప్పించుకోవడమా అని మా ఆవిడ ససేమిరా అంది. చివరికి తనూ నాతో రైలెక్కింది. గంటన్నర ప్రయాణం. పెట్టె ఊగినప్పుడల్లా చెయ్యి గుంజుతుంటే మోచేతిని ఒళ్లో దిండు మీద పెట్టుకుని కూర్చున్నాను.

ఆవిడ ముప్పావు గంట సేపు నా మెడ మీద చెయ్యే వెయ్యలేదు. అడుగుతూనే ఉన్నారు. జ్వరం వస్తోందా? బరువు తగ్గారా? మూత్రం ఆపుకోవడంలో తేడా ఉందా? నడుస్తుంటే కాళ్లు తడబడుతున్నాయా? ఎప్పుడైనా మాట తడబడిందా, ఒకటి రెండుగా కనిపించిందా? మడమల మీద నడిపించారు, మునివేళ్ల మీద నడిపించారు. చిన్న సుత్తితో మోచేతుల దగ్గర, మోకాళ్ల దగ్గర తట్టారు. వెల్లకిలా పడుకోబెట్టి ఒక్కో కాలూ నిటారుగా పైకెత్తారు. తల ఒక పక్కకు వంచి పైనుంచి మెల్లగా నొక్కేసరికి బొటనవేలి దాకా నొప్పి పరుగెత్తింది. వెంటనే చెయ్యి తీసేశారు. ఆ తర్వాత అడిగిన ప్రశ్న నేను మరిచిపోలేను.

“మీరు చూసి కొట్టే కాగితం ఎక్కడ పెట్టుకుంటారు?”

ఇన్ని నెలల్లో నన్ను ఇంత మంది చూశారు. ఈ మాట ఎవరూ అడగలేదు. బల్లమీద, ఎడమవైపు అని చెబుతుంటే నా గొంతు పూడుకుపోయింది.

“ఈ మెడను నేను తిప్పను” అన్నారు ఆవిడ. “చేతిలో బలం తగ్గింది. ముందు ఎమ్మారై చూడాలి, నరాల డాక్టరు చూడాలి. ఈ స్థితిలో తిప్పితే మేలు కన్నా కీడు ఎక్కువ జరగవచ్చు.” చేయించాం. మెడలో అయిదు, ఆరు పూసల మధ్య డిస్కు పొంగి ఎడమవైపు నరం మూలాన్ని నొక్కుతోంది. బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కేది ఆ నరం దారిలోనే. ఇలాంటివి ఎక్కువ మందికి కొన్ని వారాల్లోనో నెలల్లోనో ఆపరేషన్ లేకుండానే నెమ్మదిస్తాయని, బలం ఇంకా తగ్గితే మాత్రం ఆలస్యం చేయకుండా రమ్మని నరాల డాక్టరు చెప్పారు.

తర్వాత మూడుసార్లు ఆవిడ దగ్గరికి వెళ్లాను. పనంతా వీపు పైభాగం మీద, నడుము మీద. నడుముకు పక్కకు తిప్పి పడుకోబెట్టి ఒక తోపు తోశారు. ఒకసారి చప్పుడు వచ్చింది, రెండుసార్లు రాలేదు. వచ్చినా రాకపోయినా ఆవిడ ముఖంలో తేడా లేదు. మెడకు మాత్రం మెత్తగా వేళ్లతో కండరాలు వదిలించడమే.

కైరోప్రాక్టిక్ అనే ఈ విద్య 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్ అనే ఊళ్లో డేనియల్ డేవిడ్ పామర్‌తో మొదలైంది. చేతితో చేసేది అని గ్రీకులో ఆ పేరుకు అర్థం. దాదాపు రోగాలన్నీ పూసలు జరగడం వల్లే వస్తాయని ఆయన నమ్మాడు. ఆ మాట నేటి వైద్యశాస్త్రం ముందు నిలవదు, ఆవిడ కూడా అనలేదు. నడుము నొప్పికి మందుల కన్నా ముందు చూడదగినవాటిలో వెన్ను సర్దుబాటు కూడా ఒకటని 2017లో అమెరికాలోని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం చెప్పింది. వేడి కాపడం, మర్దనా కూడా ఆ జాబితాలో ఉన్నాయి. అమ్మ వావిలాకు అక్కడ కూడా కనిపించినట్టు నాకు సంతోషం వేసింది. మెడ సంగతి వేరు. మెదడుకు రక్తం తీసుకువెళ్లే రెండు ధమనులు మెడ పూసల్లోని రంధ్రాల గుండా పైకి వెళ్తాయి. విసురుగా తిప్పినప్పుడు వాటి గోడ చిరగడం అరుదే, కానీ జరిగితే పక్షవాతం రావచ్చు. 2022లో హైదరాబాద్‌లో ఒక మహిళకు బ్యూటీ పార్లర్‌లో తల వెనక్కి వాల్చి జుట్టు కడుగుతుండగా పక్షవాతపు లక్షణాలు వచ్చాయని పత్రికల్లో చదివినప్పుడు, నా కళ్లముందు చీకటి కమ్మిన ఆ అయిదో సిట్టింగు గుర్తుకొచ్చి ఒళ్లు చల్లబడింది. డాక్టర్లకు ఉన్నట్టు మన దేశంలో ఈ వృత్తికి మండలి అంటూ లేదు. అందుకే బోర్డు ఎవరైనా పెట్టుకోగలరు. ఎవరు ఏం చదివారో అడగాల్సింది మనమే. నేను అడగలేదు, నాకు ఆ బాధ ఇప్పటికీ ఉంది.

మూడో సారి ఆవిడే అన్నారు: “ఇంత దూరం ఊగుతూ రావద్దు. మీ ఊళ్లోనే ఫిజియోథెరపిస్టు దగ్గర చేయించుకోండి. నేను కాగితం రాసిస్తాను.” తన దగ్గరికి రావద్దని చెప్పే వైద్యురాలిని నేను అప్పుడే చూశాను.

ఇక మిగిలింది నా పని. గడ్డాన్ని వెనక్కి లాక్కుని అయిదు అంకెలు లెక్కపెట్టడం, పది సార్లు. ఒక్కో ప్రూఫు ప్రింటుకు ఇచ్చినప్పుడల్లా చేసేవాణ్ని. బోర్లా పడుకుని మోచేతుల మీద ఛాతీ ఎత్తడం నడుముకు. ఉదయం అయ్యకోనేరు గట్టు చుట్టూ నడక. వీటన్నిటి కన్నా నాకు మేలు చేసింది అటక మీద ఉంది. నాన్నగారు భాగవతం చదువుకునే వ్యాసపీఠం. ఆయన పోయాక ఎవరూ దించలేదు. దాన్ని దులిపి, తెర పక్కనే ఎత్తుగా ఒక పెట్టె మీద నిలబెట్టాను. రాతకాగితం దాని మీద పెడితే సరిగ్గా కళ్ల ఎత్తులోకి వచ్చింది. మెడ వంచనక్కర్లేదు. మొదటి శుభలేఖ అలా కొట్టిన రోజు సాయంత్రం భుజం బరువెక్కలేదని గమనించి, కుర్చీలోనే కాసేపు కదలకుండా కూర్చున్నాను. నాన్నగారు వెన్ను నిటారుగా పెట్టుకుని చదివే భంగిమ కళ్లముందు కదిలింది.

మాఘమాసంలో మళ్లీ దెబ్బ తిన్నాను. పెళ్లిళ్ల తొందరలో పది రోజులు వ్యాయామం మానేశాను. నొప్పి మోచేతి దాకా దిగింది. ఫిజియోథెరపిస్టు కుర్రాడు కోప్పడలేదు. “సార్, మొదటి నుంచి మొదలుపెడదాం” అన్నాడు. మొదలుపెట్టాం. చూపుడువేలి తిమ్మిరి చైత్రానికి పోయింది. బొటనవేలిది ఆషాఢం దాకా ఉంది. గ్లాసు పట్టుకునే బలం ఎప్పుడు వచ్చిందో సరిగ్గా చెప్పలేను. ఒకరోజు నీళ్ల బిందె ఎడమ చేత్తో ఎత్తుతుంటే మా ఆవిడ వారించింది, అప్పటికి ఎత్తేశాను. చలి ఉదయాల్లో మెడ ఇంకా బిగుస్తుంది. రీములు ఇప్పుడు నేను దించను.

క్షవరానికి అదే షాపుకు వెళ్తున్నాను. మొదటిసారి తల మీద చేతులు వేయబోతుంటే ఆపి, జరిగిందంతా చెప్పాను. అతను దువ్వెన పక్కన పెట్టి పూర్తిగా విన్నాడు. “ఎవరికీ ఇక చేయను అన్నయ్యా” అన్నాడు. ఇప్పుడు భుజాలు మాత్రం పిసుకుతాడు.

తరువాతి ఏడాది సిరిమాను రోజున మేం కాస్త ముందే వెళ్లాం. దగ్గరగా నిలబడితే తల ఎక్కువ వాల్చాలి కనుక, ఈసారి కోట వైపు, దూరంగా చోటు చూసుకున్నాం. మాను కన్నా ముందు నడిచే పాలధార వెళ్లింది, బెస్తవారి వల వెళ్లింది, తెల్ల ఏనుగు వెళ్లింది. ఒక్కసారిగా జనం హోరెత్తారు. మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని “నెమ్మదిగా” అంది. గడ్డం లోపలికి లాక్కుని, ఆ తర్వాత తల ఎత్తాను. ఇళ్ల కప్పుల మీదుగా మాను ఊగుతూ వస్తోంది. దాని చివర పూజారి, ఆయన చేతిలో విసనకర్ర.