ఐదో సున్నా

గురువారం మధ్యాహ్నం ఆంత్రోపాలజీ (మానవశాస్త్రం) సెమినార్ అంటే మన బ్యాచ్ మొత్తానికి బుధవారం రాత్రి నుంచే టెన్షన్. వారానికో పుస్తకం చదవాలి, రెండు పేజీలు రాసుకెళ్లాలి, ఆ రెండు పేజీల్లో పుస్తకాన్ని చీల్చి చెండాడాలి. మలినోవ్‌స్కీని కూడా వదల్లేదు. న్యూగినీ దగ్గరి ట్రోబ్రియాండ్ దీవుల్లో గుడారం వేసుకుని ఉండి, 1922లో పుస్తకం తెచ్చిన మనిషిని పట్టుకుని, వలస పాలన గురించి పెద్దగా రాయలేదేమని నేను పావుగంట సేపు కడిగేశాను. అప్పటికి నేను ఫీల్డ్‌లో (అంటే మనం రాసే మనుషుల మధ్యకి వెళ్లి) ఒక్క రోజు కూడా గడిపి ఎరగను. మార్కులు మాత్రం బాగానే పడ్డాయి.

అలా రెండేళ్లకి విమర్శించడం బాగా వచ్చేసింది. ఫీల్డ్‌కి వెళ్లి ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. అది మన డిపార్ట్‌మెంట్ లోపమేననుకుని చాలాకాలం గొణుక్కున్నాను. తర్వాత బ్రిటిష్ ఆంత్రోపాలజిస్ట్ ఎవాన్స్-ప్రిచర్డ్ తన చదువుకునే రోజుల గురించి చెప్పుకున్నది చదివితే నవ్వొచ్చింది. ఆయన కూడా బయల్దేరే ముందు పెద్దల దగ్గరికి సలహా కోసం తిరిగాడట. ఎవరితోనూ ఇరవై నిమిషాలకి మించి మాట్లాడకు, అప్పటికి నీకు విసుగు రాకపోయినా అవతలివాళ్లకి వస్తుంది అన్నాడట వెస్టర్‌మార్క్. రోజూ రాత్రి క్వినైన్ వేసుకో, ఆడవాళ్ల జోలికి పోకు అన్నాడట సెలిగ్‌మన్. మలినోవ్‌స్కీ అయితే తెలివితక్కువ పనులు చెయ్యకు అని ఒక్క ముక్కలో తేల్చేశాడట. అదీ సిలబస్!

కోర్సువర్క్, ప్రపోజల్ అందరూ పడ్డ పాట్లే, వదిలేస్తున్నాను. ఎథిక్స్ కమిటీ ఫారం ఒక్కటి చెప్పాలి. ‘సమాచారం ఇచ్చేవారికి కలగగల హాని’ అన్న గడిలో నేను ‘ఏమీ ఉండదు’ అని రాశాను. మా గైడ్ మేడమ్ దాని కింద ఎర్ర గీత గీసి, పక్కన ‘నీకెలా తెలుసు?’ అని రాసి తిప్పి ఇచ్చారు. విసుక్కుంటూ ఒక పేరా నింపాను.

ఫీల్డ్‌లో మొదట పట్టుకున్న పని వంశవృక్షాలు. 1898లో ఆస్ట్రేలియాకీ న్యూగినీకీ మధ్యనున్న టోరెస్ జలసంధి యాత్రకి వెళ్లినప్పుడు రివర్స్ అనే బ్రిటిష్ పరిశోధకుడు మొదలుపెట్టిన పద్ధతి. మగవాళ్లకి త్రిభుజం, ఆడవాళ్లకి సున్నా, పెళ్లికి సమానం గుర్తు, పోయినవాళ్ల మీద ఏటవాలుగా ఒక గీత. ఒక పెద్దావిడ దగ్గర కూర్చుని ఇరవై నిమిషాల్లో మూడు తరాలు పూర్తిచేశాను (వెస్టర్‌మార్క్ మెచ్చుకునేవాడు). పిల్లలెంతమంది అంటే నలుగురు అంది. నలుగురూ ఆడపిల్లలే. నాలుగు సున్నాలు చుట్టాను. పేజీ ముత్యంలా వచ్చింది.

మూడు వారాల తర్వాత ఒక సాయంత్రం ఆవిడ దుప్పటి మడత పెడుతుంటే రెండో వైపు కొసలు నేను పట్టుకున్నాను. నోట్‌బుక్ సంచీలోనే ఉంది. నేనేమీ అడగలేదు.

“రెండోది ఉంటే నీ ఈడుది,” అంది.

నా చేతులు ఆగిపోయాయి. ఆవిడవి ఆగలేదు. దగ్గరికొచ్చి, నా చేతుల్లోంచి కొసలు తీసుకుని తన కొసలతో కలిపి, మడతని అరచేత్తో రెండుసార్లు రుద్ది, పెట్టెలో పెట్టింది. ఆ తర్వాత వాన గురించి మాట్లాడింది.

ఆ రాత్రి నోట్స్ రాయబోతే పెన్ను కదల్లేదు. బుర్రలో గురువారం సెమినార్ మొదలైంది. ఒక్క మాట పట్టుకుని ఏం తేలుస్తావు? దీనికి సిద్ధాంతమేది? ఆవిడ దుఃఖాన్ని నీ థీసిస్‌కి వాడుకుంటావా? మొదటి రెండూ మనం ఊరందరి పుస్తకాల మీదా విసిరిన రాళ్లే. మూడోది న్యాయమైన ప్రశ్న, ఇప్పటికీ నన్ను వదల్లేదు. చివరికి తేదీ వేసి ‘దుప్పటి. రెండోది.’ అని రాసి పడుకున్నాను.

తిరిగొచ్చాక ఏడాదిపాటు ఒక్క అధ్యాయం తెమల్లేదు. నోట్స్ చాలవని భయం. అప్పుడే మేడమ్ మన దేశపు ఆంత్రోపాలజిస్ట్ ఎం.ఎన్. శ్రీనివాస్ సంగతి చెప్పారు. 1948లో మైసూరు దగ్గరి రాంపుర అనే ఊళ్లో చేసిన ఫీల్డ్‌వర్క్ నోట్స్‌ని ఆయన ఏళ్ల తరబడి క్రమంలో పెట్టుకుంటే, 1970లో స్టాన్‌ఫర్డ్‌లో ఆయన ఉన్న పరిశోధన కేంద్రానికి ఎవరో నిప్పుపెట్టారు. మూడు ప్రతులూ బూడిదయ్యాయి. ఎక్కువగా జ్ఞాపకం మీదే ఆధారపడి రాసిన పుస్తకం 1976లో వచ్చింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో బర్మాలో బ్రిటిష్ ఆంత్రోపాలజిస్ట్ లీచ్ కూడా నోట్స్ పోగొట్టుకున్నవాడే. “నీవి కాలలేదు కదా, రాయి,” అన్నారు మేడమ్. అది ఓదార్పో చీవాట్లో నాకిప్పటికీ అర్థం కాలేదు. కానీ ఆ వారమే దుప్పటి దగ్గర మొదలుపెట్టి ఎనిమిది పేజీలు రాశాను.

రాసింది పట్టుకుని మళ్లీ ఆవిడ దగ్గరికి వెళ్లాను. చదివి వినిపించి, ఇది ఉంచనా, తీసెయ్యనా అని అడిగాను. ఉంచమంది. వంశవృక్షం కాగితం కూడా చూపించి, ఐదో సున్నా చుట్టి దాని మీద గీత పెట్టాలని, అది పోయినవాళ్లకి గుర్తు అని చెప్పాను. కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

“సున్నా చుట్టు. గీత వద్దు.”

థీసిస్‌లో అలాగే వేశాను. వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఆ పేజీ తెరిచి, ఇక్కడ గీత మర్చిపోయారు, దిద్దండి అన్నారు. అలాగేనండీ అని తలూపాను. లైబ్రరీలో ఉన్న కాపీ ఎవరైనా తీసి చూస్తే ఆ సున్నా ఇప్పటికీ గీత లేకుండానే ఉంటుంది.