రిటైరయ్యేలోపు దారాలు కొనిపెట్టుకోవాలా, ఉన్నవి తగ్గించుకోవాలా

రిటైర్మెంట్‌కి ఇంకా కొన్నేళ్ళు టైమ్ ఉంది కానీ మా ఇంట్లో దాని మీద వాదనలు ఎప్పుడో మొదలైపోయాయి. అన్నీ నా దారాల గురించే. క్రాస్ స్టిచ్ (గళ్ళ బట్ట మీద ఇంటూ గుర్తుల్లా కుట్టే ఎంబ్రాయిడరీ) కిట్లు, ఊలు, ఎప్పుడో కుడదామని తీసిపెట్టుకున్న బట్టలు, కాస్త వాటర్ కలర్ సామాను, అన్నీ కలిపి ఒక గది. మా ఆయనవి పాత రేడియోలు, వాటి విడిభాగాలు, అదో అర గది (ఆయన్నడిగితే పావు అంటారు, నమ్మకండి). జీతం వస్తున్నన్నాళ్ళూ కావాల్సినవన్నీ కొని పెట్టేసుకుని, రిటైరయ్యాక తీరిగ్గా ఒక్కోటీ తీసి చేసుకుందాం అని నేను, ఇప్పుడే సగం తగ్గించేసుకుంటే రేపు చిన్న ఇంటికి మారాల్సొస్తే తేలిగ్గా ఉంటుంది కదా అని ఆయన. తన రేడియోల సంగతి వచ్చేసరికి ఆ లాజిక్ ఎటుపోతుందో మరి.

నా వైపు వాదనలో బలం లేదనుకోకండి. రిటైరయ్యాక వచ్చే డబ్బు మారదు, రేట్లు మారతాయి, అందుకే ముందే కొని పెట్టుకోవడం తెలివైన పనేగా అనిపిస్తుంది. ఊలు విషయంలో ఇంకో కారణం కూడా ఉంది, డై లాట్, అంటే ఒకే విడతలో రంగు అద్దిన సరుకు. రంగు నంబరు ఒకటే అయినా వేరే విడతలో అద్దిన ఊలు పక్కన పెడితే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, స్వెట్టర్ సగం అల్లాక ఉండలు అయిపోయి మళ్ళీ కొంటే ఛాతీ మీద అడ్డంగా గీత గీసినట్టే ఉంటుంది. అందుకే అల్లేవాళ్ళు ఒక వస్తువుకి సరిపడా ఊలు ఒకే లాట్‌లో, కాస్త ఎక్కువే, ఒకేసారి కొంటారు. అందులో తప్పేం లేదు.

కానీ ఎంబ్రాయిడరీ దారానికి ఈ కారణం చెల్లదు, ఇది గ్రహించడానికి నాకు చాలా టైమ్ పట్టింది. డీఎంసీ అనే దారాల కంపెనీ వాళ్ళ కాటన్ దారం తీసుకుంటే ఆరు పోగులు, ఎనిమిది మీటర్ల చుట్ట (స్కీన్), సుమారు 500 రంగులు, అవే నంబర్లు దశాబ్దాలుగా వస్తున్నాయి. 310 అంటే నలుపు, నిన్నా నలుపే రేపూ నలుపే. ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరికేదాన్ని పదేళ్ళకి సరిపడా ఇంట్లో పెట్టుకోవడం అంటే షాపువాళ్ళ గోడౌన్ డ్యూటీ మనం ఫ్రీగా చేస్తున్నట్టు. అందుకే నేను ముందు వేసుకునే ప్రశ్న, ఇది మళ్ళీ దొరుకుతుందా దొరకదా. దొరికేదైతే దాచడం అనవసరం. దొరకనిదైతే, అంటే ఆగిపోయిన పాటర్న్, ఒకే లాట్ ఊలు, ఇప్పుడు ఎవరూ నేయని రకం బట్ట, అలాంటివైతే ఆలోచించొచ్చు.

ఇక లెక్క. ఇది ఎవరూ వేసుకోరు, వేసుకుంటే సరదా పోతుందని భయం. క్రాస్ స్టిచ్‌కి వాడే ఐడా అనే గళ్ళ బట్ట 14 కౌంట్ అంటే అంగుళానికి 14 గళ్ళు, గడికో కుట్టు, పది అంగుళాల చదరం నిండా కుట్టే డిజైన్ అయితే 140 ఇంటూ 140, అంటే 19,600 కుట్లు. గంటకి ఓ వంద కుట్లు వేస్తారనుకుందాం, చార్ట్ చూసుకోవడం, దారం మార్చడం, తప్పు పడితే విప్పడం అన్నీ కలిపి అది మరీ తక్కువ స్పీడేం కాదు, దాదాపు 200 గంటలు. రోజూ తప్పకుండా గంట కూర్చున్నా ఆరు నెలల పైనే, అదీ ఒక్క కిట్‌కి. ఇప్పుడు మీ షెల్ఫ్‌లో ఎన్ని ఉన్నాయో చూసుకుని గుణించండి. అల్లేవాళ్ళలో సేబుల్ అని ఒక జోకు ఉంది, బతికున్నన్నాళ్ళూ అల్లినా తరగనంత ఊలు పోగేసినవాళ్ళు ఆ స్టేజ్‌కి చేరారని అంటారు. నా లెక్క ఎంతొచ్చిందో ఇక్కడ రాయను, మా ఆయన ఇవన్నీ చదువుతారు.

రిటైరైతే టైమ్ ఎక్కువ ఉంటుంది కదా అంటారు, నిజమే, కానీ ఎనిమిది గంటలు ఖాళీ ఉన్నంతమాత్రాన ఎనిమిది గంటలు కుట్టలేం, మెడ, బొటనవేలు, కళ్ళు ముందే చేతులెత్తేస్తాయి. పైగా రిటైరైన మనిషికి పని లేదని అందరూ అనుకుంటారు కాబట్టి అందరి పనులూ వచ్చి పడతాయి.

దాచినవి దాచినట్టే ఉంటాయా అన్నది ఇంకో సంగతి. అన్నీ ఒకేలా పాడవ్వవు, దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను ఎందుకంటే కొనేటప్పుడు ఎవరూ చెప్పరు. కాటన్ బట్ట చీకట్లో, పొడిగా ఉంటే దశాబ్దాలు బావుంటుంది, కానీ మామూలు అట్టపెట్టెలో, పాలిష్ లేని చెక్క అరలో ఆనించి పెడితే వాటిలోని యాసిడ్ వల్ల మడతల మీద పసుపు గోధుమ రంగు మరకలు వస్తాయి, ఒకే మడతలో ఏళ్ళ తరబడి ఉంచితే ఆ గీత దగ్గర పోగులు బలహీనపడతాయి, అప్పుడప్పుడు తీసి వేరే చోట మడవాలి. పాలిస్టర్ దారం గట్టిది, పాత కాటన్ కుట్టుదారం మాత్రం మిషన్‌కి ఎక్కించే ముందు చేత్తో లాగి చూడాలి, టక్కున తెగితే దాంతో కుట్టిన కుట్టు కూడా అంతే. ఎలాస్టిక్ అయితే అసలు దాచకూడదు, వాడకపోయినా దాని ప్రాణం పోతూనే ఉంటుంది. ఇస్త్రీతో అతికించే ఫ్యూజింగ్ కూడా అంతే, లోపలి జిగురు పాతదైపోతుంది. ఊలుకి చిమ్మటలు, నిజానికి తినేది వాటి పురుగులు, అవి ఊలులోని కెరటిన్ అనే ప్రొటీన్ కోసం వస్తాయి కాబట్టి స్వచ్ఛమైన కాటన్ జోలికి పెద్దగా రావు. అనుమానం ఉన్న ఊలుని గాలి చొరని కవర్లో పెట్టి మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచితే పురుగులు, గుడ్లు చస్తాయి. ఇంకోటి, ఊలుని గట్టిగా ఉండ చుట్టి ఏళ్ళు ఉంచితే సాగిపోయి ఆ స్ప్రింగు పోతుంది, చిలప (వదులుగా చుట్టిన పొడవాటి చుట్ట) రూపంలోనే ఉంచి అల్లే ముందు చుట్టుకోవడం మేలు.

రంగులైతే వాటర్ కలర్ పాన్‌లు (బిళ్ళల్లా వచ్చేవి) ఎండినా తడి బ్రష్ పెడితే లేచొస్తాయి, ట్యూబులో గట్టిపడిన వాటర్ కలర్ కూడా నీళ్ళతో మళ్ళీ వాడుకోవచ్చు. యాక్రిలిక్ ఒకసారి ట్యూబులో గట్టిపడిందా, అది ప్లాస్టిక్ ముక్కే, ఏం చేసినా తిరిగి రాదు. కాబట్టి వాటర్ కలర్ దాచుకుంటే ఫరవాలేదు, యాక్రిలిక్ బాటిళ్ళు వరసగా పేర్చుకుంటే అవి ఎండటానికే.

సరే సామాను బావుంది అనుకుందాం, మనం బావుంటామా. నాకు అసలు ఆలోచన మార్చింది ఇదే. వయసు పెరిగేకొద్దీ కంటి లెన్స్ పసుపు తిరుగుతుంది, కంటిలోకి వెళ్ళే వెలుతురు తగ్గుతుంది, ముందు దెబ్బ తినేది నీలాల మధ్య తేడా. 310 నలుపు, 939 ముదురు నీలం, ఈ రెండూ రాత్రి పసుపు దీపం కింద నాకు ఇప్పటికే ఒకటిగా కనిపిస్తున్నాయి, డేలైట్ బల్బు పెట్టుకుంటే తప్ప విడదీయలేను. 18 కౌంట్ బట్ట మీద చిన్న చిన్న గళ్ళలో కుట్టే కిట్లు కొన్ని ఉన్నాయి, "రిటైరయ్యాక నిదానంగా చేస్తా" అని పక్కన పెట్టినవి. కళ్ళు బావున్నప్పుడు చేయాల్సినవి దాచి, కళ్ళు మసకబారాక చేద్దామనుకోవడం ఏ లెక్క అసలు. కష్టమైనవి ముందు, తేలికైనవి తర్వాత, ఆర్డర్ ఇలా ఉండాలి, మనం అందరం తిరగేసి పెట్టుకుంటాం.

పైగా చేతులు సహకరించకపోతే హాబీయే మారిపోవచ్చు. అమెరికాలో గ్రాండ్మా మోజెస్ అని పేరున్న ఆన్నా మేరీ రాబర్ట్‌సన్ మోజెస్ 1860లో పుట్టింది, ఆవిడ చేసేది ఎంబ్రాయిడరీ, కీళ్ళవాతంతో సూది పట్టుకోవడం కష్టమైతే డెబ్భై దాటాక బ్రష్ పట్టుకుంది, 1961లో 101 ఏళ్ళకి పోయేలోపు ప్రపంచమంతా తెలిసిన పెయింటర్ అయింది. ఫ్రెంచ్ పెయింటర్ మాతీస్ 1941లో పెద్ద ఆపరేషన్ అయ్యాక ఈజిల్ ముందు నిలబడి పెయింటింగ్ వేయడం కష్టమై, రంగులద్దిన కాగితాలు కత్తెరతో కత్తిరించి అతికించే పద్ధతిలోకి వెళ్ళాడు. వాళ్ళంతటివాళ్ళం మనం కాదులెండి, కానీ ఆవిడ డెబ్భై ఏళ్ళకి అని ఒక గదినిండా ఎంబ్రాయిడరీ దారాలు కొని పెట్టుకుని ఉంటే ఆ గది దేనికి పనికొచ్చేది. నేను దాచిపెడుతున్నది ఇప్పటి నా ఇష్టాన్ని, ఇప్పటి నా వేళ్ళని నమ్ముకుని.

మరి వదిలేయొచ్చు కదా అంటే అంత ఈజీ కాదు. 1990లో కానెమన్, నెచ్, థేలర్ అనే ముగ్గురు పరిశోధకులు ఒక ప్రయోగం గురించి రాశారు, కొంతమందికి మగ్గులు ఇచ్చి ఎంతకి అమ్ముతారని అడిగారు, మగ్గు లేనివాళ్ళని ఎంతకి కొంటారని అడిగారు, చేతిలో ఉన్నవాళ్ళు చెప్పిన ధర కొనేవాళ్ళు ఇస్తామన్నదానికి రెండింతలకి పైనే. అదీ అప్పుడే కొద్దిసేపటి క్రితం చేతికొచ్చిన మామూలు మగ్గుకి! మరి నేను రంగులు ఏరి, అంచులు సరిచూసి, లేబుల్ రాసి పెట్టుకున్న బట్టకి నా మనసులో ఎంత విలువ ఉంటుందో చూడండి. బయటివాళ్ళకి అది ఒక బట్ట ముక్క, అంతే. అందుకే అమ్మితే డబ్బులొస్తాయని మాత్రం ఎవరూ ఆశ పెట్టుకోకండి, సగం కుట్టి వదిలేసినవైతే ఉచితంగా ఇచ్చినా తీసుకునేవాళ్ళు తక్కువ.

ఇంతకీ ఏం డిసైడ్ చేశానంటే, ప్రతి గుట్టలోంచి ఒకటి తీసి ఇప్పుడే, ఉద్యోగం ఉండగానే, అలసిపోయిన సాయంత్రాల్లోనే మొదలుపెడుతున్నాను. మొదలుపెట్టబుద్ధి అవ్వని గుట్ట రిటైరయ్యాక కూడా మొదలవ్వదు అని నా అనుమానం, టైమ్ లేక ఆగినవి కొన్నే, ఇష్టం పోయి ఆగినవే ఎక్కువ, టైమ్ లేదన్నది మర్యాదైన సాకు. ఈ పరీక్షలో వాటర్ కలర్ పాసైంది, అది నేను అస్సలు అనుకోలేదు. క్విల్ట్ (ముక్కల బొంత) కోసం పోగేసిన ముక్కలు ఫెయిల్, వాటిని చూస్తే నాకు పనే గుర్తొస్తోంది. అవి ఇప్పుడిప్పుడే కుట్టు నేర్చుకుంటున్న ఒకమ్మాయికి వెళ్తున్నాయి, కొలతలూ, ఏ బట్ట ఉతికితే ఎంత కుంచించుకుపోతుందీ అన్నీ చీటీ రాసి మరీ ఇస్తున్నా. నేను ఉండగా ఇస్తే ఇలా వివరం కూడా ఇవ్వగలను, లేనప్పుడు ఎవరో వచ్చి సర్దితే అదంతా ఒక్క సంచిలో పడిపోతుంది.

పరికరాలు మాత్రం ఒక్కటీ ఇవ్వను. మంచి కత్తెరలు, ఫ్రేములు, లెన్స్ ఉన్న లైటు, కుట్టుమిషన్, ఇవి ఏ ప్రాజెక్ట్‌కైనా పనికొస్తాయి. ఏమైనా కొనాల్సొస్తే జీతం ఉండగా ఇవి కొనుక్కుంటా, ఇంకా మంచి లైటు, మెడ నొప్పి రాని కుర్చీ. మిషన్ మాత్రం ఊరికే ఉంచకూడదు, లోపల పాత ఆయిల్ జిగురులా గట్టిపడి పట్టేస్తుంది, నెలకోసారైనా తిప్పాలి.

18 కౌంట్ కిట్లు మూడు ఉంచుకున్నా, అవి ముందు. ఊలు సంగతి ఇంకా తేల్లేదు, ఒకే లాట్‌వి కదా, చేయి రావట్లేదు.

ఇదంతా మా ఆయనకి చెప్తే చాలా మెచ్చుకున్నారు. "మరి మీ కెపాసిటర్లూ?" అన్నాను. రేడియోల్లో ఉండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు అనే విడిభాగాలు ఏళ్ళ తరబడి వాడకుండా పడి ఉంటే లోపలి ఆక్సైడ్ పొర దెబ్బతింటుందని, మళ్ళీ వాడాలంటే వోల్టేజ్ మెల్లమెల్లగా పెంచుకుంటూ పోవాలని నాకు చెప్పింది ఆయనే. "వాల్వులు (పాత రేడియోల్లోని గాజు ట్యూబులు) అయితే అలా పాడవ్వవు తెలుసా" అని టాపిక్ మార్చేశారు. ఆ అర గది లెక్క ఆయనే వేసుకోవాలి, నేను వేలు పెట్టను.