ఏసీఎల్ తెగాక మోకాలిని దారికి తెచ్చుకోవడం: నా అనుభవం

ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకల్ని పట్టి ఉంచే గట్టి నారలాంటి కట్టు) తెగింది, మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య ఉండే మెత్తలాంటిది) కూడా కాస్త చిరిగింది అని ఎమ్మారై చూసి చెప్పగానే నేను అడిగింది ఒక్కటే: ఆపరేషన్ చేయించుకుంటే ముందు ముందు మోకాలి అరుగుదల రాకుండా ఉంటుందా?

డాక్టరుగారు హామీ ఇవ్వలేదు. ఇలాంటి గాయాలైనవాళ్లలో దాదాపు సగం మందికి 10 నుంచి 20 ఏళ్లలో ఆర్థరైటిస్, అంటే ఆ అరుగుదలే, కనిపిస్తుందట. ఆపరేషన్ మోకాలికి పట్టు ఇస్తుంది గానీ ఆ ముప్పును పూర్తిగా పోగొట్టదు. మెనిస్కస్‌ని మాత్రం వీలైనంతవరకు తీసెయ్యకుండా కుట్టడమే మేలన్నారు.

ఫిజియోథెరపిస్టు ముందు వాపు మీద పడ్డారు. మోకాల్లో నీరు ఉన్నంతసేపూ తొడ ముందు కండరం సరిగా పనిచెయ్యదట. కాళ్లు చాపి తొడలు బిగించమన్నప్పుడు అది నాకే తెలిసింది. మంచి కాల్లో కండరం గట్టిగా బిగుసుకుంది, దెబ్బ తగిలిన కాల్లో చిన్న వణుకు, అంతే. మడమ కింద టవల్ చుట్ట పెట్టుకుని మోకాలిని కిందికి నొక్కడం నా మొదటి వ్యాయామం. చూడ్డానికి ఏముంది అనిపిస్తుంది, చెమటలు పట్టిస్తుంది. చేసేటప్పుడు కొంచెం నొప్పి ఉన్నా ఫర్వాలేదు, మర్నాడు పొద్దున వాపు పెరిగితే మాత్రం తగ్గించుకోవాలి. ఈ ఒక్క లెక్కతో నా టెన్షన్ సగం తగ్గింది.

నిజానికి నొప్పి పోయాకే కష్టం. ఆడెయ్యాలని కాళ్లు లాగుతుంటాయి. ఆపరేషన్ అయ్యాక కనీసం 9 నెలలు ఆగాలి, బలంలోనూ ఒంటికాలి గెంతులోనూ గాయమైన కాలు రెండో కాలితో పోలిస్తే 90 శాతానికి రావాలి అని షరతు పెట్టారు. తొందరపడితే మళ్లీ తెగొచ్చు. రెండో దెబ్బతో అరుగుదల ముప్పు ఇంకా పెరుగుతుంది. గెంతు బాగానే వచ్చినా మెషీన్ మీద తొడ బలం చాల్లేదు, మళ్లీ స్క్వాట్లకే వెళ్లాను.

బరువూ తగ్గించుకున్నాను. ఒంట్లో కిలో తగ్గితే అడుగు వేసినప్పుడల్లా మోకాలి మీద దాదాపు 4 కిలోల భారం తగ్గుతుందని విన్నాక తగ్గించక తప్పలేదు.

ఇప్పుడు ఆడుతున్నాను. ఆటకు దిగేముందు దూకి నేల మీద సరిగ్గా వాలడం, దిశ మార్చడం 20 నిమిషాలు సాధన చేస్తాను. మోకాలు లోపలికి వాలకుండా చూసుకోవడమే అందులో అసలు పని. జట్టువాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనీ.