పదహారు బైట్లలో ఒదగని నమస్తే

ఇచ్ఛాపురం నుంచి ప్యాసింజరు బండిలో దిగేవారు, ఒడిశాలోని బరంపురంలోనే పుట్టి ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడేవారు మా తరగతిలో ఒకే బెంచీ మీద కూర్చునేవారు. ఆ రెండు భాషలనూ ప్రయోగశాలలోకి తెచ్చిన పాఠం కంప్యూటర్ నెట్‌వర్క్స్.

నెట్‌వర్క్ పనిని పొరలుగా విడదీసి చూపే ఓఎస్ఐ నమూనాలోని ఏడు పొరల పేర్లను పరీక్ష కోసం వల్లించాము, అంతే. అసలు చదువు సాకెట్ల దగ్గర, అంటే రెండు ప్రోగ్రాములు నెట్‌వర్క్ మీద మాట్లాడుకునే కొసల దగ్గర, మొదలైంది. 1983లో బర్క్‌లీ వారి 4.2 బీఎస్‌డీ యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో వచ్చిన సాకెట్, బైండ్, లిజన్, యాక్సెప్ట్, కనెక్ట్ అనే పిలుపులే మా సీ ప్రోగ్రాములలోనూ ఉండేవి.

ఒకనాడు సార్ రెండు కంప్యూటర్ల మధ్య సందేశాలు పంపే ప్రోగ్రాము ఇచ్చి, అందిన బైట్లను తాత్కాలికంగా ఉంచుకునే బఫరును కావాలనే 16 బైట్లకు కుదించి, అందిన ప్రతి ముక్కా వేరే పంక్తిలో కనబడేలా అమర్చారు. ఇంగ్లీషు 'హలో' 5 బైట్లే కనుక చక్కగా వచ్చింది. 'నమస్తే' పంపగానే మొదటి పంక్తిలో 'నమస్త' వరకు వచ్చి దాని పక్కన ఒక ప్రశ్నార్థకపు గుర్తు, రెండవ పంక్తిలో మరికొన్ని పిచ్చి గుర్తులు పడ్డాయి. అక్షరాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికైనా, గుణింతపు గుర్తుకైనా, పొల్లుకైనా 3 బైట్లు పడతాయి కనుక ఆ మాటకు 18 బైట్లు కావాలి. ఏత్వం మొదటి బైటు దగ్గర తెగిపోయింది. ఒడియా మిత్రుడు పంపిన 'నమస్కార'కు 21 బైట్లు, దానికీ అదే గతి.

బఫరును 1024కు పెంచితే సరిపోదా అని వెనుక బెంచీ నుంచి ఎవరో అడిగారు. సరిపోదు. నెట్‌వర్క్ మీద డేటాను చేరవేసే నియమావళి అయిన టీసీపీ బైట్లను వరుస తప్పకుండా, పోకుండా చేర్చే పూచీ తీసుకుంటుంది గాని పంపిన ముక్కలను ఆ ముక్కలుగానే అందిస్తానని ఎన్నడూ చెప్పలేదు. పెద్ద సందేశం దారిలో ఎక్కడైనా తెగవచ్చు, రెండు చిన్న సందేశాలు అతుక్కుని ఒక్కసారే చేతికి రావచ్చు. అలాంటిదే మరో నియమావళి యూడీపీ సందేశాల హద్దులను చెరపదు, కాని చేరుతుందన్న హామీ ఇవ్వదు. అందుచేత ప్రతి సందేశానికి ముందు దాని పొడవును 4 బైట్లలో, నెట్‌వర్క్ బైటు క్రమంలో (పెద్ద విలువ గల బైటు ముందు వచ్చేలా) పంపి, అన్ని బైట్లూ అందేవరకు మళ్లీ మళ్లీ చదివే లూపు రాశాము. ఇప్పుడు ఈ పనిని లైబ్రరీలే చేసిపెడుతున్నా, కొత్తగా నేర్చుకునేవారి చేత ఆ లూపును ఒకసారైనా సీలో రాయించాలన్నది నా పట్టుదల.

ఆ సాయంత్రం తెలుగూ ఒడియా రెండూ చెక్కుచెదరకుండా అటూ ఇటూ వెళ్లాయి. ప్రయోగశాల రికార్డులో మాత్రం, మాన్యువల్లో అచ్చయిన అవుట్‌పుట్ ప్రకారం, అందరమూ 'హలో' అనే రాసి సంతకం పెట్టించుకున్నాము.